పన్నెండో బిరడ

కొండల్లో కోల్పపంపా అనే ఊరు, సతుర్నీనా వంటిల్లు. మధ్యాహ్నం, బయట వాన. ఇరవై ఏడేళ్ళ కింద సైనికులు తీసుకుపోయిన ఆమె భర్త అనిసెతో ఎముకలు రేపు పొద్దున్నే పెట్టెలో ఊరికి వస్తాయి. ఆమె కొడుకు రోలాందోకి జ్ఞానతండ్రి, ఆ వరసన ఆమెని కొమాద్రే అని పిలిచే కొంపాద్రే ఫిదెన్సియో, పొయ్యి దగ్గర పీటమీద కూర్చుని అనిసెతో గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అది కాదు."

"ఇంకా వాయించనే లేదు, కొమాద్రే."

"వాయించక్కర్లేదు. ఒకసారి మీటారుగా. అది కాదు."

"పదకొండు తీగల మీద ఇంతకంటే ఏం వస్తుంది? నాలుగో జతలో సన్నతీగకి బిరడే లేదు. ఆరు జతల గిటారు ఇది. అయిదున్నర జతలతో అనిసెతో శ్రుతి తెమ్మంటే ఎక్కణ్ణించి తేను?"

"ముందు మిగతావి తెండి. ఆ ఒక్కటీ తర్వాత చూద్దాం."

"ఆ ఒక్కటే కదా లేనిది."

"నా నోట్లో సగం పళ్ళు లేవు. మొక్కజొన్న తినడం మానేశానా?"

"మీ నోటికి పళ్ళక్కర్లేదు. మాటలే కొరుకుతాయి."

"నవ్వించకండి. ఇవాళ ఈ ఇంట్లో నవ్వు వినపడితే పక్కింటి హుస్తీనా ఊరంతా టముకు వేస్తుంది, మొగుడొస్తున్నాడని ముసిల్ది ముస్తాబవుతోందని."

"రోలాందో ఎక్కడిదాకా వచ్చాడు?"

"హుమాంగ పట్నంలోనే ఉన్నాడు. పెట్టె ఒళ్ళో పెట్టుకుని ట్రక్కులో వస్తానన్నాడు. వెనకాల బస్తాల మీద పెట్టనన్నాడు. ఒళ్ళో పట్టేంతే ఉంటుందిట. తెల్లగా, చంటిపిల్ల పెట్టెంత. మీకంటే జానెడు పొడుగు ఆ మనిషి, గుర్తుందా?"

"ఈ గుమ్మానికి నుదురు కొట్టుకునేవాడు."

"కొట్టుకున్న ప్రతిసారీ గుమ్మాన్ని తిట్టేవాడు గానీ, ఒంగేవాడు కాదు... సరే, వాయించండి. ఇంకోటి చూడండి."

"మూడో జత ఒక మెట్టు, ఆరో జత రెండు మెట్లూ దించితే?"

"దించండి. నాకు పేర్లు తెలీవు, చెవి తెలుసు."

"ఇదిగో."

"ఇది దయ్యం శ్రుతి. మా మామ పెళ్ళిళ్ళలో తాగి వాయించేవాడు. అది కాదు. పొయ్యి వెనక కూరకోసం పెంచే కూయీలు పరుగెత్తాయి, అంతే. పాపం, రేపు కోస్తానని వాటికి ముందే తెలిసినట్టుంది."

"ఎన్ని కోస్తున్నారు?"

"వచ్చినవాళ్ళకి సరిపడా. మాట మార్చకండి."

"మార్చలేదు. నాకా శ్రుతి తెలీదు, కొమాద్రే. తెలీనిదాన్ని చీకట్లో సూదిలా వెతుకుతున్నాను."

"ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లూ అవే మాటలు. 'నాకా శ్రుతి తెలీదు.' అక్షరం మారదు. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు."

"తెలీదని ఇంకెన్ని రకాలుగా చెప్పమంటారు?"

"అదే అంటున్నాను. తెలీనివాడు ఒక్కోసారి ఒక్కోలా చెప్తాడు. అదిగో, ఆ లాంతరు చూడండి."

"ఇంకా ఉంచారా? కరెంటొచ్చి ఎన్నేళ్ళయింది?"

"వెలుగు కోసం కాదు, దాని గాజు కోసం. ఆయన శ్రుతి కుదిరిందనుకోండి, ఎవరూ ముట్టకుండానే ఆ గాజు సన్నగా గుయ్యిమనేది. ఒక్కసారి తప్పలేదు. 'సిరేనా వచ్చింది, పీట వెయ్యి' అనేవాడు. నేను నిజంగానే వేసేదాన్ని."

"జలపాతంలో ఉండే నీటికన్య, ఆ సిరేనాయే ఇచ్చిందనేవాడు ఆ శ్రుతి."

"గిటారు బండమీద వదిలేసి వచ్చాట్ట. నీళ్ళలోంచి లేచి ఒక్కో తీగా సర్దిపెట్టిందిట. పొద్దున్నే వెళ్ళి తెచ్చుకున్నాట్ట. ఊరంతా నమ్మింది. నేనూ నమ్మాను. లేకపోతే అలాంటిది మనుషులకి తడుతుందా? కాబట్టి మీరు వాయించండి, నేను గాజు విని చెప్తాను. మీకెలాగూ అది వినపడదుగా."

"కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమదానికి సన్న చప్పుళ్ళు అందవు. సైనికుల మకాం నుంచి వచ్చాక, ఈ లోయలో పిట్టలు అరవడం మానేశాయనుకున్నాను చాన్నాళ్ళు."

"అందుకేనా గిటారు చెక్కకి దవడ ఆనించి పళ్ళు కరుచుకుంటారు?"

"ఎముకలోంచి వినపడుతుంది."

"ఎముకలోంచి."

"తప్పుగా అన్నాను. మన్నించండి."

"తప్పేం లేదు. రేపు నేనూ అలాగే వినాలి... ఇంకోటి వాయించండి."

"ఇది చూడండి. రెండో జత ఎక్కించాను."

"ఇది కోతల శ్రుతి. కార్నివాల్ పాట దీంట్లో పాడితే వడగళ్ళు పడతాయి."

"అయితే వద్దులెండి, దించేస్తాను."

"పడనివ్వండి. నా బంగాళాదుంపలు ఎప్పుడో తవ్వేశాను. కానీ అది కాదు. గాజు మూగగా ఉంది."

"కొమాద్రే, ఒక మాట చెప్పనా? ఒట్టిగొంతుతో పాడండి. మీ గొంతుకి గిటారెందుకు?"

"ఎవరింటి చావుకైనా ఒట్టిగొంతుతో పాడతాను. ఆయనకి కాదు. పెట్టె గోతిలోకి దించేటప్పుడు ఆ పాట పాడతాను, ఆయన శ్రుతిలో. ఇన్నేళ్ళూ దానికోసమే గొంతు దాచుకున్నాను. మామూలు శ్రుతిలో ఒకసారి ప్రయత్నించాను. రెండో చరణం దగ్గర నిలబడడానికి చోటు దొరక్క గొంతు జారిపోయింది. ఆయన శ్రుతిలో అక్కడ కాలు పెట్టుకోను మెట్టుండేది."

"ఉండేది, అవును."

"మీకెలా తెలుసు?"

"కార్నివాల్‌లో, పంపా మైదానంలో విన్నాను కదా. మూడొందలమందిలో నేనూ ఒకణ్ణి."

"దగ్గరకొచ్చి చూడలేదా? ఆయన వేళ్ళూ, బిరడలూ?"

"ఎవరు చూడనిస్తారు? మన మగాళ్ళ సంగతి మీకు తెలీదా? పెళ్ళాన్నైనా చూపిస్తారు గానీ శ్రుతి చూపించరు. పాట అవగానే అరచేత్తో బిరడలన్నీ ఒక్క తోపు తోసి, తీగలు దించేసి గానీ గిటారు భుజాన వేసుకోరు. పక్కూరివాడు ఎత్తుకుపోతాడని."

"నా దగ్గరా దాచాడు. శ్రుతి చేసేటప్పుడు నన్ను గోడకేసి తిరగమనేవాడు. పెళ్ళై తొమ్మిదేళ్ళు, ఆ గోడ మీద పగుళ్ళన్నీ నాకు కంఠతా వచ్చు."

"కోపం రాలేదా?"

"వచ్చేది. ఇప్పుడా గోడ చూస్తే ఏడుపొస్తుంది. ఇదిగో, మొక్కజొన్న చిచా తాగండి. గొంతు తడుపుకోండి."

"పాడేది మీరు కదా."

"అబద్ధం చెప్పడానికీ గొంతు తడి ఉండాలి."

"ఏం అబద్ధం, కొమాద్రే?"

"ఇందాకణ్ణించీ చూస్తున్నాను. అన్ని జతల మీదా మీ చెయ్యి తిరుగుతోంది. నాలుగో జత దగ్గరకొచ్చేసరికి వేలు వెనక్కొచ్చేస్తోంది. దాంట్లో లావుతీగకి బిరడ ఉంది కదా, దాన్నైనా కదపరే?"

"తుప్పుపట్టింది. తిప్పితే విరుగుతుంది."

"నిన్న అన్నిటికీ నూనె రాశాను. దానికి రెండుసార్లు రాశాను."

"పక్క తీగ లేకుండా ఆ ఒక్కటీ తిప్పి లాభమేమిటి?"

"పక్క తీగ బిరడ ఏమైంది?"

"మళ్ళీ మొదటికొచ్చారు. దారిలో పడిపోయిందని అప్పుడే చెప్పాను."

"ఏ దారిలో?"

"ఇరవై ఏడేళ్ళయింది. ఏ దారంటే ఇప్పుడేం..."

"చర్చి పక్క మకాం నుంచి నా గుమ్మానికి ఒకటే దారి. మీ ఇద్దర్నీ తీసుకెళ్ళారు, గిటారు కూడా తీసుకెళ్ళారు. మూడో రోజున మీరొచ్చారు. గిటారు గుమ్మంలో ఆనించి, నా మొహం చూడకుండా వెళ్ళిపోయారు. తీగలన్నీ జారిపోయి ఉన్నాయి. ఒక బిరడ లేదు. దారిలో పడిపోయిందన్నారు. ఆ దారంతా మోకాళ్ళ మీద పాకాను, కొంపాద్రే. రాయి రాయీ తిప్పాను. రోలాందోని వీపున కట్టుకుని. ఆ బిరడ దొరికితే ఆయనా దొరుకుతాడనుకున్నాను."

"నాకు తెలీదు మీరు వెతికారని."

"ఒక్కటి చెప్పండి. ఆ బిరడ ఉంటే ఆ శ్రుతి చేస్తారా?"

"ఉంటే... ప్రయత్నం చేసేవాణ్ణి."

"ప్రయత్నం కాదు. చేస్తారా?"

"ఉంటే కదా."

"మాటివ్వండి."

"లేనిదానికి మాటెందుకు, కొమాద్రే? సరే. ఉంటే చేస్తాను. మాట."

"ఇదిగో బిరడ. పట్టుకోండి. కాలదు."

"ఎక్కడిది ఇది?"

"హుమాంగలో ఎముకల డాక్టరమ్మ ఇచ్చింది. బల్లమీద ఆయన్ని తల నుంచి పాదాల దాకా పేర్చి పెట్టింది, ముక్క ముక్కా, ఎంతో ఓపిగ్గా. పక్కనే ఆయన ఊలు చొక్కా. నేను అల్లిందే. ఎడమ మోచేతి దగ్గర ఎర్ర ఊలు అయిపోతే నీలం కలిపాను. ఆ నీలం చూసి ఆయనేనన్నాను. ఆ చొక్కా జేబులో ఉందిట ఇది. 'అమ్మా, ఇదేమిటో మాకు అంతుపట్టలేదు, మీకేమైనా తెలుసా' అంది. తెలీదన్నాను."

"తెలీదన్నారా?"

"ఆ మాట మీ దగ్గరే నేర్చుకున్నాను. దారిలో పడిపోయిన బిరడ ఆయన జేబులోకి ఎలా నడిచి వెళ్ళింది, కొంపాద్రే?"

"కొంచెం కోకా ఆకు ఉందా?"

"ఉంది. నమలండి. బిరడ బిగిస్తూ నమలండి. తీగ కొత్తదే కొన్నాను, అదుగో చుట్ట. మీరు నా మొహం చూడక్కర్లేదు. దాన్నే చూస్తూ చెప్పండి."

"స్క్రూ పట్టడంలేదు."

"పడుతుంది. నెమ్మదిగా."

"తనని ఎత్తిపొడిచే ఆ పాట ఎవరిదని అడిగాడు మకాంలో కెప్టెన్. కార్నివాల్‌లో అందరూ విన్నారు కదా. ఎవరో అతనికి చెప్పారు, ఇక్కడ పాట ఎవరిదో శ్రుతి వాడిదేనని, ఇంకొకడికి రాదని. మన దగ్గర అది నిజమే కదా. గిటారు బల్లమీద పెట్టించాడు. 'శ్రుతి ఎవడికొస్తే పాట వాడిది' అన్నాడు."

"ముందు ఎవరికిచ్చాడు?"

"నాకు. నేను మామూలు శ్రుతి చేశాను. బళ్ళో పిల్లలు పాడుకునే పాటొకటి వాయించాను. తప్పు తీగలు మీటుతుంటే అందరూ నవ్వారు. నాకా శ్రుతి తెలీదు, అన్నాను."

"ఇవే మాటలు."

"ఇవే."

"తర్వాత ఆయన."

"ఆయన గిటారు తీసుకున్నాడు. నావైపు చూశాడు. తొందరేమీ లేనట్టు ఒక్కో బిరడా తిప్పాడు. ఎవర్నీ గోడకేసి తిరగమనలేదు. పాట మొదట్నుంచి చివరిదాకా వాయించాడు. పాడలేదు. పాడేది మీరు కదా."

"బాగా వాయించాడా?"

"పంపాలో కంటే బాగా."

"అబద్ధం."

"మూడో జత మీద ఒకచోట వేలు జారింది."

"అదీ. అక్కడెప్పుడూ జారేది."

"అయ్యాక కెప్టెన్, 'నీకెవడు నేర్పాడు' అన్నాడు. 'సిరేనా' అన్నాడు అనిసెతో. కెప్టెన్ తుపాకీ మడమతో ఆయన మూతిమీద కొట్టాడు. అప్పుడు నన్ను చూపించి, 'గిటారు అలాగే ఉంచు, ఇప్పుడు వీడిచేత వాయించండి, తెలిసినవాడి వేళ్ళు దాగవు' అన్నాడు. గిటారు నా ఒళ్ళోకి రావాలి. ఒక్క అడుగు దూరం. ఆ లోపల అనిసెతో అరచేత్తో బిరడలన్నీ ఒక్క తోపు. పంపాలో తోసినట్టే. ఆ నాలుగో జతదాన్ని మాత్రం మెలిపెట్టి పీకేశాడు."

"జేబులో వేసుకున్నాడు."

"'మేం శ్రుతి ఎవరికీ వదలం, కెప్టెన్' అన్నాడు. నవ్వుతూ."

"నవ్వాడా?"

"పై పళ్ళు విరిగిపోయి ఉన్నాయి. అయినా నవ్వాడు."

"బిరడ లేని గిటారు మీద ఇంక ఎవర్నీ పరీక్షించలేరు."

"లేరు. నన్ను తలుపు వైపు తోశారు. గిటారు కూడా నామీదకే విసిరారు."

"బిగిసిందా?"

"బిగిసింది."

"కొంపాద్రే. శ్రుతి తెలీనివాడి వేళ్ళు చూస్తే కెప్టెన్‌కి ఏం తెలిసేది?"

"వాన తగ్గినట్టుంది, కొమాద్రే. నేను రేపు పొద్దున్నే..."

"వాన సంగతి అడగలేదు. తెలీనివాణ్ణి కాపాడ్డానికి బిరడ పీకక్కర్లేదు."

"ఆ శ్రుతి నాది."

"మళ్ళీ చెప్పండి."

"నాది. సిరేనా లేదు, జలపాతం లేదు. బండమీద వదిలానన్న గిటారు ఆ వారమంతా మా ఇంటి అటక మీదే ఉంది. నలుగురి ముందు నిలబడితే నా వేళ్ళు కొయ్యముక్కలవుతాయి, మీకు తెలుసు. శ్రుతి కట్టాను గానీ ఏం చేసుకోను? ఆయనకి ఇచ్చాను. ఆయన దగ్గర చేతులున్నాయి, ఆయనింట్లో గొంతుంది."

"ఎవరికోసం కట్టారు?"

"ఎవరికోసమూ కాదు. తీగలతో ఆడుకుంటుంటే కుదిరింది."

"నాలుగో జతలో లావుతీగ అంత కిందా, సన్నతీగ అంత పైనా. ఆడుకుంటే కుదిరేది కాదది."

"ఒక గొంతు పైన నిలబడ్డానికి మెట్టు కావాలి. కింద పడకుండా పట్టుకోను ఇంకొకటి కావాలి."

"ఎవరి గొంతు?"

"అంత పైకెళ్ళే గొంతులు ఈ లోయలో ఎన్నున్నాయి? ఎదురు కొండమీద గొర్రెలు కాస్తూ అరిచేదానివి, గుర్తుందా? నేను ఇవతల కొండమీద కూర్చుని వినేవాణ్ణి. అక్కణ్ణించి కొలిచాను."

"'అరిచేదానివి' అంటున్నారు. నా కొడుకు తలమీద నీళ్ళు పోసిన రోజు నుంచీ ఒక్కసారి కూడా నన్ను 'నువ్వు' అనలేదు, చిన్నప్పటిలా 'సతూకా' అనీ అనలేదు మీరు."

"పొరపాటైంది. మన్నించండి, కొమాద్రే."

"ఆయనకి తెలుసా?"

"శ్రుతి నాదనా? నేనే ఇచ్చాను కదా."

"అది కాదు. ఆ మెట్టు ఎవరికోసమో."

"గిటారు తీసుకునేటప్పుడు నావైపు చూశాడని చెప్పాను. ఆ చూపు ఇంకా మొయ్యలేకపోతున్నాను. తెలిసినవాడి చూపు అది. కోపం లేదు దాన్లో. కోపముంటే బాగుండేది."

"అందుకేనా మీరు పెళ్ళి..."

"అవన్నీ ఇప్పుడెందుకు? రేపు అందరి ముందూ చెప్తాను, కొమాద్రే. గోతి దగ్గర నిలబడి చెప్తాను. శ్రుతి నాది, పాట నాది, ఆ పెట్టెలో ఉండాల్సింది నేను. ఆయన నా చావు చచ్చాడు."

"పాట మీది కాదు."

"శ్రుతి ఎవరిదైతే..."

"మాటలెవరివి? 'చర్చి గంటకి తాడేదీ కెప్టెనూ, ఏ ఇంటి మగాడి చేతులకి కట్టావు?' ఎవరు కట్టారనుకున్నారు?"

"అనిసెతో."

"ఆ మనిషి తన పేరు కూడా నిదానించి నిదానించి రాసేవాడు. నేను కట్టాను. బంగాళాదుంపలు తవ్వుతూ, ఇక్కడే, ఈ వాకిట్లో. గంట మోగడం మానేసిన వారం."

"మీరా?"

"ఆడవాళ్ళు పాడతారంతే అనుకుంటారు అందరూ. కెప్టెనూ అలాగే అనుకున్నాడు. నన్నెవరూ అడగలేదు. ఆరోజు సైనికులు తలుపు తడితే మాటలు నావని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నా కాలు తొక్కాడు. బూటుతో. వారంరోజులు నల్లగా ఉంది. ఆ నలుపు పోయిన రోజున ఏడ్చాను, ఆయన వదిలింది ఇంకేమీ లేదని."

"కొమాద్రే..."

"మాటలు నావి. శ్రుతి మీది. చావొక్కటే ఆయనది. ఇప్పుడు అదీ నాదేనంటున్నారు మీరు. ఇంక ఆయనకి ఏం మిగిల్చాం మనం? వాయించండి."

"ఇంకా ఏం వాయించను?"

"మాటిచ్చారు. బిరడ ఉంటే చేస్తానన్నారు. ఉంది. చేయండి."

"మీ ముందు ఆ పాటా? నా వేళ్ళాడవు."

"కళ్ళు మూసుకోండి. మనుషులు కనపడితే కదా మీకు వేళ్ళాడనిది. మూసుకుని చెక్కకి దవడ ఆనించండి. నేను లాంతరు దగ్గర నిలబడతాను. నా చెవులూ మునుపటిలా లేవు, దగ్గరుంటే గానీ గాజు వినపడదు."

"రెండో చరణం దగ్గర మీరందుకోండి, పోనీ."

"అందుకుంటాను. కానివ్వండి."

"సన్నతీగ ఇంకొంచెం ఎక్కాలి. ఇంకొంచెం... ఇదీ. మొదలుపెట్టనా?"

"పెట్టండి."

"..."

"చర్చి గంటకి తాడేదీ కెప్టెనూ... ఏ ఇంటి మగాడి..."

"ఆపేశారేం? అందింది కదా! మెట్టు ఉంది కదా అక్కడ!"

"వింటున్నాను. మీరు ఆపకండి. చివరిదాకా."

"..."

"కళ్ళు తెరవకండి."

"తెరవలేదు. అయింది. కొమాద్రే, అయింది. ఇదే."

"ఇది కాదు."

"ఏమిటి కాదు?"

"ఇది ఆయన శ్రుతి కాదు."

"ఇదే. నా చేత్తో కట్టింది. పళ్ళతో విన్నాను ఇప్పుడే."

"మీది ఇదే అయ్యుంటుంది. ఆయన దగ్గరున్నది వేరు. మీ దగ్గర తెచ్చుకుని తనకి నచ్చినట్టు మార్చుకున్నాడు. ఎవరైనా అరువు చొక్కా అలాగే వేసుకుంటారా? చేతులు సరిచేసుకోరూ? నాలుగో జతలో సన్నతీగ ఇంకో వెంట్రుకవాసి కిందుండేది. రెండోది కొంచెం పైన. మూడు కార్నివాళ్ళు దానిమీద నిలబడి పాడాను, నాకు తెలీదా?"

"మకాంలో ఆయన వాయించినప్పుడు నేను విన్నాను. అదే."

"మకాంలో మీ చెవి ఎప్పుడు పగిలింది?"

"మొదటి రోజు."

"ఆయన వాయించింది?"

"రెండో రోజు."

"మరి? పగిలిన చెవితో ఏం విన్నారు? మీకు తెలిసిందే మీ తలలో మోగింది. ఆయన వాయించింది మీది కాదు. దానిమీద మీ వేళ్ళు పెట్టించినా కెప్టెన్‌కి ఏమీ తెలిసేది కాదు. ఆయన తన శ్రుతి వాయించాడు, తన చావు చచ్చాడు. దాన్ని వదిలేయండి."

"వేరేదా?"

"వేరేది."

"ఇన్నేళ్ళూ నేను... నాది కాదా?"

"కాదు."

"ఒట్టు?"

"గాజే చెప్పింది కదా. మోగలేదు."

"కొంచెం కూడా?"

"ఉలకలేదు, పలకలేదు."

"దేవుడా. దేవుడా... మరి రేపు? మీ పాట?"

"ఒట్టిగొంతుతో పాడతాను. ఎంతదాకా వస్తే అంతదాకా. రెండో చరణం దగ్గర పడిపోతే పడిపోతాను. తీగలు దించెయ్యండి. ఆ బిరడ తీసి ఇవ్వండి. ఆయన చొక్కా జేబులోనే పెడతాను, ఆయనదీ ఒకటుండాలి కదా అక్కడ."

"నాకు ఇప్పుడు ఊపిరి అందుతోంది, కొమాద్రే. నవ్వుతారేమో. నిజంగా అందుతోంది."

"నవ్వను."

"కళ్ళు తెరవనా?"

"ఒక్క నిమిషం. వద్దు. ఒక్క నిమిషం ఆగండి."

"తెరిచేశాను."

"..."

"మోగలేదన్నావు."

"మోగలేదు."

"మరి రెండు చేతులతో ఆ గాజునెందుకు నొక్కిపట్టుకున్నావు, సతూకా?"